బేబీ పాక్-మన్ (బాలీ మిడ్‌వే, 1982) దొరికింది, బోర్డు మీద బ్యాటరీ కారిపోయింది. కొనొచ్చా?

ఫ్రిస్కో_శీను
అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన ప్లేనోలో ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గ్యారేజీలో సామానంతా అమ్మేస్తున్నారు. అందులో బేబీ పాక్-మన్ ఉంది. పైన టీవీ తెర, కింద బుల్లి పిన్‌బాల్ టేబుల్, రెండూ ఒకే పెట్టెలో ఉండే మెషీన్. పక్కల బొమ్మలు పెద్దగా వెలిసిపోలేదు. గాజు పగల్లేదు. ఫ్లిప్పర్లు (బంతిని కొట్టే రెక్కలు) చేత్తో కదిపితే కదులుతున్నాయి.

ప్లగ్ పెట్టి చూపించమంటే ఒప్పుకోలేదు. "ఏళ్ల తరబడి ఆన్ చేయలేదు, ఇప్పుడు పొగొస్తే నా బాధ్యత కాదు" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది, కనీసం నిజం చెప్పారు. వెనక తలుపు తీశాం. మెయిన్ బోర్డు మూలన బ్యాటరీ చుట్టూ ఆకుపచ్చ పొడి, దాని పక్క ఒకట్రెండు ట్రాన్సిస్టర్ల కాళ్లు నల్లగా ఉన్నాయి. మిగతా బోర్డులకి దుమ్ము తప్ప ఏమీ పట్టలేదు.

నాకు సోల్డరింగ్ వచ్చు, స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) చదవగలను, కానీ పిన్‌బాల్ మెషీన్ ఎప్పుడూ బాగు చేయలేదు. ఇంట్లో షరతు ఒక్కటే: కారు గ్యారేజీలోనే ఉండాలి. చెప్పండి, దిగొచ్చా?

కృష్ణలంక_మెకానిక్
శీను తమ్ముడూ, ముందు ఒక మాట. కొన్నా కొనకపోయినా ఆయన ఇంట్లో ప్లగ్ పెట్టించకు. ఆయన చేసిందే కరెక్టు.

ఆ పొడి గురించి: ఆ తరం బాలీ బోర్డుల మీద 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీని నేరుగా సోల్డర్ చేసేవారు. హై స్కోర్లు, నాణేల లెక్కలు కరెంటు పోయినా గుర్తుండడానికి. నలభై ఏళ్లకి అది కారకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి. కారేది ఆమ్లం కాదు, క్షారం. అందుకే తెల్ల వెనిగర్‌తో తుడవమంటాం, ఆ తర్వాత నీళ్లు, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. వెనిగర్ పోసి వదిలేస్తే అది మళ్లీ ఇంకో రకంగా తింటుంది. బాగా కడిగి ఆరబెట్టాలి.

దురదృష్టం ఏమిటంటే బ్యాటరీ పక్కనే రీసెట్ సర్క్యూట్ ఉంటుంది. నువ్వు చూసిన నల్ల కాళ్ల ట్రాన్సిస్టర్లు అవే అయ్యుంటాయి. రీసెట్ సరిగా రాకపోతే ప్రాసెసర్ నిద్ర లేవదు. బోర్డు మీద చిన్న ఎర్ర ఎల్ఈడీ ఉంటుంది, అది ఆన్ అయి అలాగే వెలిగి ఉండిపోతే ఇదే జబ్బు. మామూలుగా అయితే ముందు ఒకసారి మినుకుమని, తర్వాత లెక్క పెట్టినట్టు మెరుస్తుంది. మొదటిది రోమ్‌లకి. రెండు, మూడు మెరుపులు రెండు రామ్ చిప్పులకి. నాలుగు, ఐదు రెండు పీఐఏలకి, అంటే ప్రాసెసర్‌ని మిగతా మెషీన్‌తో కలిపే చిప్పులకి. ఆరోది 555 టైమర్ చిప్పు ఇచ్చే ఇంటరప్ట్ సిగ్నల్‌కి. ఏడోది సొలినాయిడ్ల (ఫ్లిప్పర్లలాంటి వాటిని కదిపే కాయిళ్ల) 43 వోల్టుల వైపు నుంచి వచ్చే సిగ్నల్‌కి. ఎక్కడ ఆగితే అక్కడ చూడాలి. ఇంత మర్యాదగా తన జబ్బు తనే చెప్పుకునే బోర్డు ఇప్పటి వాటిలో దొరకదు.

కొను. బోర్డు బాగవుతుంది. నీ అసలు టెన్షన్ బోర్డు కాదు, పిక్చర్ ట్యూబు.

చికాగో_చందు
నేను వద్దంటాను. బోర్డు వల్ల కాదు, ఆట వల్ల.

పాక్-మన్ పిన్‌బాల్ కావాలనుకుంటే అదే 1982లో బాలీ చేసిన మిస్టర్ అండ్ మిసెస్ పాక్-మన్ ఉంది. జార్జ్ క్రిస్టియన్ డిజైను, మార్గరెట్ హడ్సన్ బొమ్మలు. అది నిఖార్సైన పిన్‌బాల్. ప్లేఫీల్డ్ (బంతి తిరిగే బల్ల) మధ్యలో 5x5 దీపాల చట్రం ఉంటుంది. పసుపు దీపం పాక్-మన్, ఎర్రది దెయ్యం. బంతి ఒక గుంటలో కూర్చోగానే ఆట ఆగుతుంది, అప్పుడు ఫ్లిప్పర్ బటన్లతోనే ఆ దీపాన్ని గడి గడికీ నడిపించాలి. తెర లేదు, జాయ్‌స్టిక్ లేదు. ఇరవై ఐదు గడులతో వీడియో గేమ్ మొత్తాన్ని చెప్పేశారు. అది తెలివి.

బేబీలో చేసిందేమిటి? నిజంగానే ఒక టీవీ తెచ్చి పైన పెట్టారు. ఆడేవాడు సగంసేపు టీవీ చూస్తాడు, సగంసేపు ఫ్లిప్పర్లతో ఇరుకు టేబుల్ మీద కుస్తీ పడతాడు. రెండు ఆటలూ సగం సగమే. పిన్‌బాల్ అంటే గాజు కింద బంతి బరువు తెలియాలి, టేబుల్‌ని తుంటితో కాస్త నెట్టాలి, టిల్ట్ కాకుండా (మెషీన్ ఆట ఆపేయకుండా) ఎంతవరకు నెట్టొచ్చో చేతికి తెలియాలి. పైన టీవీ మోసే నిలువు పెట్టెని ఎలా నెడతారు?

10,600 మిస్టర్ అండ్ మిసెస్‌లు తయారయ్యాయి, బేబీ 7,000. రెండూ అరుదైనవేమీ కావు. ఆగితే మంచిది దొరుకుతుంది.

సత్యవతి_బే_ఏరియా
చందు గారూ, మీరు ఆ ఆటని ఎన్ని లెవెళ్లు ఆడి చెప్తున్నారు? నేను బేబీ పాక్-మన్‌ని తెగ ఆడినదాన్ని, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మామూలు పాక్-మన్‌లో నాలుగు మూలలా నాలుగు పెద్ద చుక్కలుంటాయి కదా, అవి తింటే దెయ్యాలు నీలం రంగులోకి మారి పారిపోతాయి, మనం వాటిని తింటాం. ఆట మొదలైనప్పుడే ఆ నాలుగు ఆయుధాలు మన చేతిలో ఉన్నట్టే. బేబీలో అవి లేవు! చిట్టడవి ఉంది, నాలుగు దెయ్యాలు ఉన్నాయి, తినడానికి చుక్కలు ఉన్నాయి, కానీ ఆయుధం ఒక్కటి కూడా లేదు. కావాలంటే చిట్టడవి అడుగున అటొకటి ఇటొకటి ఉన్న సొరంగాల్లోకి దిగాలి. దిగగానే పైన తెర స్తంభించిపోతుంది, కింద నిజమైన ఉక్కు బంతి బయటికొస్తుంది. అక్కడ టార్గెట్లు కొట్టి ఆయుధాలు సంపాదించుకోవాలి. పళ్లు, సొరంగం వేగం కూడా అక్కడే సంపాదించాలి. ఆ తర్వాత బంతిని మళ్లీ పైకి పంపి చిట్టడవికి తిరిగి రావాలి.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు పిన్‌బాల్‌లో బంతి జారిపోతే ప్రాణం పోయినట్టే. ఇందులో పోదు. బంతి జారితే మళ్లీ చిట్టడవిలోకే వస్తాం, కానీ సొరంగాల తలుపులు మూసుకుపోతాయి. ఉన్న ఆయుధాలతోనే (ఒక్కటీ లేకపోతే ఉత్త చేతులతో) ఆ చుక్కలన్నీ తినాలి, లేదా చావాలి. అంతవరకు కిందికి దిగే దారి లేదు. కాబట్టి కింద ఉన్నంతసేపూ లోపల ఒకటే లెక్క నడుస్తుంది: రెండు సంపాదించాను, చాలనుకుని పైకి వెళ్లిపోనా, మూడోదానికి ఇంకో షాట్ కొట్టనా? ఆశపడి కొట్టి బంతి పోగొట్టుకుంటే తలుపు మూసుకుంటుంది.

సగం సగం ఆట అన్నారు. రెండు సగాలూ ఒకదాని మెడ ఒకటి పట్టుకుని ఉన్నాయండీ. పిన్‌బాల్ చేతకానివాడు పాక్-మన్ ఎంత బాగా ఆడినా మొదటి తెరలోనే కష్టపడతాడు. పిన్‌బాల్ ఒక్కటే వచ్చినవాడికి సంపాదించిన ఆయుధం ఎప్పుడు వాడాలో తెలియదు. మిస్టర్ అండ్ మిసెస్ అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ దీపాల చట్రం కాసేపటికి అలవాటైపోతుంది. బేబీ అలవాటు కాదు, ఎప్పుడూ కోపమే తెప్పిస్తుంది.

చికాగో_చందు
కోపం తెప్పించడం గొప్పతనమైతే మా ఇంటి దగ్గర ట్రాఫిక్ సిగ్నల్ కూడా గొప్పదే. మీరు చెప్పిన లెక్క బాగుంది, కాదనను. అయినా ఆ టేబుల్ ఇరుకే.

లష్కర్_బిడ్డ
అన్నా, మేడమ్, మస్తు రాస్తున్నరు. నాకు పిన్‌బాల్ అంటే అమీర్‌పేటలో కోర్సు నేర్చుకునే రోజుల్లో కంప్యూటర్‌లో వచ్చే స్పేస్ క్యాడెట్ ఒక్కటే. ఇన్‌స్టిట్యూట్‌లో సార్ అటు పోగానే స్పేస్ బార్ చప్పుళ్లు మొదలు. బంతి పడే ముందు hidden test అని టైప్ చేస్తే మౌస్‌తో బంతిని పట్టుకుని తిప్పొచ్చు, ఆ కిటుకు చెప్పినోడు మా బ్యాచ్‌లో హీరో.

నిజం మెషీన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. అసలు దానికి, కంప్యూటర్ దానికి తేడా ఉంటదా?

సత్యవతి_బే_ఏరియా
తమ్ముడూ, hidden test ని కూడా తెలుగు లిపిలో రాస్తే మాడరేటర్ గారు సంతోషిస్తారు, ఇక్కడ నియమం అదే.

తేడా ఉంది. బంతి సుమారు 80 గ్రాముల ఉక్కు, 27 మిల్లీమీటర్ల వ్యాసం. టేబుల్ ఏటవాలు ఆరు, ఆరున్నర డిగ్రీలు. అంతే కదా అనిపిస్తుంది. కానీ ఫ్లిప్పర్ కింద కాయిల్ కొట్టినప్పుడు ఆ దెబ్బ అరచేతికి తెలుస్తుంది. ఒకే షాట్‌ని అదే టైమింగ్‌తో కొట్టినా రబ్బరు పాతబడితే వేరేగా వెళ్తుంది. అమ్మానాన్నల్ని గ్రాండ్ క్యాన్యన్ చూపించడానికి తీసుకెళ్లి ఎలాగూ అందరూ లాస్ వేగాస్‌లో ఆగుతారు కదా, అక్కడ పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, ఆడినంతకే నాణేలు. నువ్వెప్పుడైనా వస్తే వెళ్లు.

మాడరేటర్
లష్కర్_బిడ్డ గారూ, హిడెన్ టెస్ట్ అని రాయండి చాలు. చర్చ బాగుంది, కొనసాగించండి. అమ్మకందారు చిరునామా, ఫోన్ నంబరు ఎవరూ అడగొద్దు, ఇవ్వొద్దు.

చికాగో_చందు
బేబీ ఎందుకు పుట్టిందో తెలిస్తే నా అభ్యంతరం అర్థమవుతుంది. బాలీ, విలియమ్స్, గాట్లీబ్, అన్నీ మా ఊరి కంపెనీలే. తమాషా ఏమిటంటే పిన్‌బాల్ మెషీన్లు ప్రపంచానికి అమ్మిన చికాగోలోనే 1970ల దాకా పిన్‌బాల్ ఆడడం నిషేధం, జూదం కింద లెక్క. న్యూయార్క్‌లో మేయర్ లా గార్డియా 1942లో నిషేధించి మెషీన్లని సుత్తితో పగలగొట్టించాడు. అక్కడ 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర కౌన్సిల్ ముందు బంతి ఏ దారిలో పోతుందో ముందే చెప్పి కొట్టి చూపిస్తే గానీ ఇది నైపుణ్యం ఉన్న ఆట, అదృష్టం కాదని ఒప్పుకోలేదు.

అలా చట్టం దగ్గర గెలిచారో లేదో, జపాన్ నుంచి స్పేస్ ఇన్వేడర్స్, దాని వెనకాలే 1980లో తోరు ఇవాతాని పాక్-మన్. అమెరికాలో దాన్ని అమ్మింది మిడ్‌వే, అంటే బాలీ సొంత కంపెనీ. ఒక్క అమెరికాలోనే లక్షకి అటూ ఇటూగా అమ్ముడయ్యాయి. అంగడివాడి వైపు నుంచి ఆలోచించండి. వీడియో గేమ్ పెట్టెలో కదిలే భాగం జాయ్‌స్టిక్ తప్ప ఏముంది? పిన్‌బాల్‌లో రోజుకో రబ్బరు తెగుతుంది, బల్బు మాడుతుంది, స్విచ్చి వంగుతుంది. రెండూ అదే క్వార్టర్ (పాతిక సెంట్ల నాణెం) తీసుకుంటాయి. ఎవడైనా ఏది పెట్టుకుంటాడు?

అప్పుడు పిన్‌బాల్ కంపెనీలన్నీ వీడియో గేమ్ పేర్లు అరువు తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. బాలీ స్పేస్ ఇన్వేడర్స్ 1980లో 11,400 అమ్మింది. అది బాగా పోయింది. ఆ తర్వాత చూడండి: విలియమ్స్ డిఫెండర్ పిన్‌బాల్ 1982లో 369 మాత్రమే. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆడే జౌస్ట్ 1983లో 402. గాట్లీబ్ క్యూబర్ట్స్ క్వెస్ట్ 884. మునిగేవాడు పక్కవాడి మెడ పట్టుకున్నట్టు ఉంటుంది ఈ జాబితా చదివితే. బేబీ ఆ వరసలోదే. రెండిటి తలనొప్పులూ ఒకే పెట్టెలో: అంగడివాడికి పిన్‌బాల్ రబ్బర్లూ మార్చాలి, మానిటరూ చూసుకోవాలి.

కొత్తగా_వచ్చా
అందరికీ నమస్తే. ఒక చిన్న సందేహం. పాక్-మన్ నామ్‌కో అనే జపాన్ కంపెనీ వాళ్లది కదా, బేబీకి వాళ్ల అనుమతి ఉందా? ఎక్కడో లేదని చదివాను.

చికాగో_చందు
లేదు. బేబీని డేవ్ నటింగ్ అసోసియేట్స్ అనే సంస్థ వాళ్లు బాలీ మిడ్‌వే కోసం చేశారు, నామ్‌కో అనుమతి లేకుండానే విడుదల చేశారు. పాక్-మన్ పేరుతో మిడ్‌వే ఇలా సొంతంగా చేసుకుపోవడం వల్లే చివరికి ఆ రెండు కంపెనీల సంబంధం చెడింది. కాబట్టి శీను కొనబోయేది జపాన్ తాతకి తెలియకుండా పుట్టిన మనవడు.

రిచర్డ్‌సన్_రమణ
శీను గారూ, నేను మీ పక్క ఊరే. ఈ మెషీన్‌కి మన డల్లాస్‌తో ఉన్న సంబంధం ఎవరూ చెప్పలేదు.

బేబీలో పిన్‌బాల్ నడిపే బోర్డు వేరు, తెర నడిపే బోర్డు వేరు. ఈ రెండో బోర్డుకి పెట్టిన పేరు విడియట్. నిజంగానే, స్కీమాటిక్ మీద కూడా అదే ఉంటుంది. దాని మీద వీడియో చిప్పు టీఎంఎస్9928ఏ, మన డల్లాస్ కంపెనీ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారిది. ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడుకునే కొలికోవిజన్‌లో ఉన్నది కూడా ఇదే చిప్పు. అంటే ఆర్కేడ్‌లో క్వార్టర్ వేసి చూసే బొమ్మ, ఇంట్లో పిల్లలు చూసే బొమ్మ ఒకే చిప్పు గీసినవి. పక్కన అసలు పాక్-మన్ పెట్టి చూస్తే బేబీ తెర కొంచెం పేలవంగా కనిపించడానికి కారణం అదే అని నా అభిప్రాయం. మిడ్‌వే వాళ్లు ఖర్చు మిగుల్చుకున్నారు.

ఆ చిప్పుకి ఒక పేరున్న పరిమితి ఉంది. కదిలే బొమ్మల్ని స్ప్రైట్లంటారు కదా, మొత్తం ముప్ఫై రెండు పెట్టుకోవచ్చు గానీ ఒకే అడ్డ గీత మీద నాలుగు మాత్రమే చూపిస్తుంది. ఐదోది ఆ గీత మీద మాయం. దెయ్యాలు నాలుగు, బేబీ ఒకడు. ఐదుగురూ ఒకే వరసలోకి వస్తే ఏం జరుగుతుందో, ప్రోగ్రామర్లు దాన్ని ఎలా దాటారో చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. మీరు కొంటే నేను వచ్చి ఆడతాను. టీ మీ ఇంట్లోనే.

ఫ్రిస్కో_శీను
కొన్నాను. ధర రాయను, ఇంట్లో వాళ్లు ఈ ఫోరం చదువుతారు. పెద్దాయన చివర్లో ఒక డబ్బా ఇచ్చారు: మాన్యువల్, స్కీమాటిక్ షీట్లు, కొత్త రబ్బరు రింగుల ప్యాకెట్, తాళం చెవి. ఆ తాళం చెవి చూసి రమణ గారు నాకంటే ఎక్కువ సంతోషపడ్డారు, మోయడానికి ఆయనే వచ్చారు మరి.

బ్యాటరీ కత్తిరించేశాను. బోర్డు తీసి వెనిగర్, నీళ్లు, ఆల్కహాల్ అన్నీ అయ్యాయి. కడిగాక చూస్తే నాలుగైదు ట్రాకులు సన్నబడ్డాయి, ఒకటి పూర్తిగా తెగింది. మెకానిక్ గారూ, ఇప్పుడు మెషీన్‌లో పెట్టి ఆన్ చేయాలా?

కృష్ణలంక_మెకానిక్
వద్దు! బల్ల మీదే చూడు. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఒకటి ఉంటే చాలు. ఆ బోర్డుకి కావలసింది 5 వోల్టులు, 12 వోల్టులు. 12 ఎందుకంటావేమో, రీసెట్ సర్క్యూట్‌కి అదే కావాలి. మాన్యువల్‌లో పిన్నులు చూసి ఇయ్యి. 43 వోల్టులు లేవు కాబట్టి ఏడో మెరుపు రాదు, ఆరు వస్తే బోర్డు ఆరోగ్యంగా ఉన్నట్టే.

తెగిన ట్రాకుకి సన్న తీగతో జంపర్ వెయ్. సన్నబడ్డ వాటి మీద పచ్చ పూత గీకి చూడు, కింద నల్లగా ఉంటే అది కూడా పోయినట్టే లెక్క. చిప్పుల సాకెట్లు ఆ కాలంవి నమ్మకూడదు, బ్యాటరీ పక్కవైనా మార్చెయ్. రీసెట్ దగ్గర ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, జీనర్ డయోడ్ అన్నీ కొత్తవి వెయ్. రూపాయల్లో చెప్పినా డాలర్లలో చెప్పినా తక్కువే అవుతుంది. బ్యాటరీ మళ్లీ బోర్డు మీద పెట్టకు. వైరుతో దూరంగా కట్టు, లేకపోతే బ్యాటరీ అక్కర్లేని ఎన్వీరామ్ మెమరీ చిప్పు దొరుకుతుంది, 5101 రామ్ చిప్పు స్థానంలో కూర్చుంటుంది.

ఎడిసన్_వెంకట్
నేను వేరేగా చెప్తాను. ఆ బోర్డు మీద ఇంత కష్టం దేనికి? ఆ తరం బాలీ బోర్డులకి బదులుగా కొత్తవి తయారు చేసి అమ్మేవారు ఉన్నారు. బేబీది 133 రకం, మామూలు 35 రకం కాదు, దానికి సరిపోతుందో లేదో అమ్మేవాణ్ణి అడిగి కొనండి. పాతదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి పెట్టె అడుగున దాచండి. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే అదీ ఇచ్చేయొచ్చు. క్షారం ఒకసారి పట్టిన బోర్డు పూర్తిగా బాగవుతుందని నమ్మను. ఈ రోజు బాగుంటుంది, రెండేళ్లకి రాగి కింద నుంచి మళ్లీ మొదలవుతుంది.

కృష్ణలంక_మెకానిక్
వెంకట్ గారు చెప్పింది తప్పేమీ కాదు, వ్యాపారంలో అయితే నేనూ అదే చేసేవాణ్ణి. కస్టమరు రేపు ఆడుకోవాలి. కానీ శీనుకి స్కీమాటిక్ చదవడం వచ్చు, తొందర లేదు. అలాంటివాడు మార్చేస్తే ఎట్లా? అసలు బోర్డు బాగు చేసే అవకాశం ఒకసారే వస్తుంది. కుదరకపోతే అప్పుడు కొత్తది కొనుక్కుంటాడు.

సత్యవతి_బే_ఏరియా
మెకానిక్ గారికి నా ఓటు. అయితే ఆట నడిస్తే చాలు నాకు, ఏ బోర్డు మీద నడిచినా.

ఫ్రిస్కో_శీను
మొదటిసారి ఆన్ చేస్తే ఎల్ఈడీ వెలిగి అలాగే ఉండిపోయింది, మీరు చెప్పినట్టే. రీసెట్ భాగం మొత్తం మార్చాను. ఇప్పుడు మినుకుమని, తర్వాత మూడు మెరుపులు మెరిసి ఆగింది.

కృష్ణలంక_మెకానిక్
భలే! మూడు వచ్చాయంటే ప్రాసెసర్ లేచింది, రోమ్‌లు చదివింది, రామ్‌లు రెండూ సరే. నాలుగోది యూ10 పీఐఏ, 6821 చిప్పు. ముందు సాకెట్ మార్చు, తర్వాత చిప్పు. యూ11 కూడా 6821నే, రెండిటినీ అటూ ఇటూ మార్చి పెట్టి చూడు. ఇప్పుడు మెరుపులు నాలుగుకి చేరితే చిప్పు దోషం, మూడు దగ్గరే ఆగితే సాకెట్టో ట్రాకో.

ఈలోగా పిక్చర్ ట్యూబు సంగతి. పదమూడు అంగుళాల కలర్ ట్యూబు. ఈహెచ్‌టీ (ట్యూబుకి హై వోల్టేజి ఇచ్చే) వైపు వేల వోల్టులుంటాయి, ఆఫ్ చేశాక కూడా ట్యూబులో చార్జి నిలిచి ఉంటుంది. యానోడ్ కప్పు (ట్యూబు మీద హై వోల్టేజి తీగ తగిలే రబ్బరు మూత) కింద చెయ్యి పెట్టే ముందు పిడికి ప్లాస్టిక్ ఉన్న స్క్రూడ్రైవర్‌ని ట్యూబు చుట్టూ ఉండే ఎర్త్ తీగకి కట్టి డిశ్చార్జి చెయ్. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని చెయ్. ట్యూబు మెడ పలచని గాజు, దాన్ని తగిలితే ఉస్సుమని గాలి లోపలికి పోతుంది, ఇక అంతే. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చు, ఉబ్బింది ఒక్కటే చూసి మార్చకు. ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ (సరిగా అతకని టంకం) ఉంటుంది, భూతద్దంతో చూడు.

విశాఖ_మురళి
మధ్యలో దూరుతున్నాను. ఇలాంటిది ఇండియా తెచ్చుకుంటే మన 230 వోల్టులకి నడుస్తుందా?

కృష్ణలంక_మెకానిక్
ఆ కాలం బాలీ ట్రాన్స్‌ఫార్మర్లకి అడుగున ట్యాపులు ఉంటాయి, జంపర్లు మార్చి 220 వైపుకి పెట్టుకోవచ్చు. యూరప్‌కి కూడా ఎగుమతి చేసేవారు కదా. మానిటర్ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ విడిగా చూసుకోవాలి. దీనికంటే ఓడ ఖర్చు, కస్టమ్స్ నిన్ను ఎక్కువ ఏడిపిస్తాయి. ముందు ఒక ఏజెంటుతో మాట్లాడు. వైజాగ్ ఉప్పు గాలికి ప్లేఫీల్డ్ కింద స్విచ్చిలు ఎలా ఉంటాయో కూడా ఆలోచించు.

విశాఖ_మురళి
ఆ చివరి మాటతో ఆశ వదులుకున్నాను. కంప్యూటర్‌లో పాత పిన్‌బాల్ ఆటలు నడిపే పిన్‌మేమ్‌లో ఆడుకుంటాను.

ఫ్రిస్కో_శీను
యూ10, యూ11 మార్చి పెట్టాను. మూడు దగ్గరే ఆగింది. సాకెట్ పీకి చూస్తే కింద ఒక రంధ్రం చుట్టూ రాగి లేదు. కొత్త సాకెట్ వేసి ఆ కాలికి వెనకవైపు జంపర్ పెట్టాను. ఆరు మెరుపులు!!

మెషీన్‌లో పెట్టాక ఏడోది కూడా వచ్చింది. తెర మీద బొమ్మ ఉంది, పైన కొంచెం వంగి ఉంది, కెపాసిటర్లు వచ్చాక చూస్తాను. కింద ఎడమ ఫ్లిప్పర్ బలహీనంగా ఉంది.

కృష్ణలంక_మెకానిక్
ఫ్లిప్పర్ కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి, ఒకటి కొట్టడానికి, ఒకటి పట్టి ఉంచడానికి. చివరిదాకా లేచాక స్విచ్చి తెరుచుకుని రెండోదానికి మారుతుంది. ఆ స్విచ్చి కొసలు మాడి ఉంటే మొదటి దెబ్బకే కరెంటు చాలదు. సన్న ఆకురాయితో రుద్ది, మూసి ఉన్నప్పుడు గట్టిగా తగిలేలా సర్దు. కాయిల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం కూడా మార్చు.

రిచర్డ్‌సన్_రమణ
వీడియో ఎప్పుడు పెడతారు? ఐదుగురినీ ఒకే వరసలోకి తెచ్చి ఆపాలి, మర్చిపోకండి.

చికాగో_చందు
మార్చిలో మీ ఫ్రిస్కోలోనే టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ జరుగుతుంది, నేను ప్రతిసారీ వాయిదా వేస్తున్నాను. టికెట్టు ఒకసారి కొంటే వందల మెషీన్లు నాణెం లేకుండా ఆడొచ్చు. ఈసారి వస్తాను. శీనూ, మీ ఇంట్లో ఒక ఆట ఆడి అప్పుడు చెప్తాను సగమో కాదో.

సత్యవతి_బే_ఏరియా
చందు గారికి ఒక షరతు. సొరంగంలోకి దిగకుండా మొదటి చిట్టడవి గెలిచి చూపించమనండి ముందు.

ఫ్రిస్కో_శీను
షరతు రాసి పెట్టుకున్నాను. చందు గారూ, వసతి మా ఇంట్లోనే, కారు మాత్రం రోడ్డు మీద పెట్టుకోవాలి.